బైక్‌ల మీద ముక్తినాథ్ వెళ్తున్నారా? బండి తీసేముందు చూసుకోవలసినవి

దసరా సెలవులు దగ్గరపడితే చాలు, ఫ్రెండ్స్ గ్రూపుల్లో నేపాల్‌లోని ముక్తినాథ్ గుడికి బైక్ ట్రిప్ మాట మొదలవుతుంది. బండి సర్వీసింగ్, జాకెట్లు, యాక్షన్ కెమెరా గురించి బోలెడంత చర్చ. ఎన్ని రోజులు పెట్టుకోవాలన్న సంగతి మాత్రం లీవులు చూసి తేల్చేస్తారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. హైదరాబాద్ నుంచి గోరఖ్‌పూర్‌కే 1,300 కిలోమీటర్ల పైమాట. నేపాల్‌లోకి దాటే సునౌలి సరిహద్దు ఇంకా ముందుంది. లీవు లెక్కలో కనీసం రెండు రోజులు ఏ పనీ పెట్టుకోకుండా ఖాళీగా ఉంచండి. అది కుదరకపోతే పోఖరా దాకా వెళ్లి వెనక్కి రండి, అదీ మంచి ట్రిప్పే.

వానలు పడే జూన్ నుంచి సెప్టెంబరు దాకా అటు వద్దు. 2024 జూలై 12న నారాయణ్‌ఘాట్-ముగ్లింగ్ రోడ్డులో సిమల్‌తాల్ దగ్గర కొండచరియ విరిగిపడి, రెండు బస్సులు త్రిశూలి నదిలోకి కొట్టుకుపోయాయి. అంతంత బస్సులకే దిక్కులేని చోట బైక్ ఎంత? అక్టోబరు, నవంబరు బాగుంటాయి. కాకపోతే మన దసరాకే వాళ్ల పెద్ద పండగ దశైన్ కూడా. రూములు దొరకవు, చాలా షాపులు మూసి ఉంటాయి. పండగ దాటాక వెళ్లడం నయం.

ఇక కాగితాలు. మన డ్రైవింగ్ లైసెన్సు అక్కడ చెల్లుతుంది. లైసెన్సు, ఆర్‌సీ ఒరిజినల్సే ఉంచుకోండి, ఫోన్లో డిజిలాకర్ చూపిస్తే ఒప్పుకుంటారన్న నమ్మకం పెట్టుకోవద్దు. గుర్తింపుకు పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ కావాలి, ఆధార్‌ను నమ్ముకుని బయల్దేరొద్దు. బండి వేరేవాళ్ల పేరు మీద ఉంటే వాళ్లు రాసిచ్చిన అనుమతి పత్రం వెంట ఉండాలి. సరిహద్దులో బండికి భన్సార్ (కస్టమ్స్ రుసుం) కట్టి రసీదు తీసుకోవాలి. ఎన్ని రోజులకు కడితే అన్ని రోజులే, గడువు దాటితే జరిమానా. అందుకే అనుకున్నదానికన్నా రెండు రోజులు ఎక్కువకే కట్టండి. ఏజెంట్లు చుట్టుముడతారు, మీరు నేరుగా కౌంటర్ దగ్గరికే వెళ్లండి.

ఎక్కువమంది మర్చిపోయేది ఇన్సూరెన్స్. మన బండి పాలసీ మామూలుగా భారతదేశం లోపలికే. నేపాల్‌కు వర్తించాలంటే కొంచెం అదనపు ప్రీమియం కట్టి పాలసీలో ఆ మాట రాయించుకోవాలి. మనుషులకు తీసుకునే ట్రావెల్ పాలసీలో బైక్ నడపడం, ఎత్తు ప్రాంతాల నుంచి హెలికాప్టర్‌లో తరలించడం కవర్ అవుతాయో లేదో ఒక్కో లైనూ చదవండి. ముక్తినాథ్ ఉండే అన్నపూర్ణ ప్రాంతం పర్మిట్ పోఖరాలోనే తీసుకోండి. కాగ్‌బేని ఊరు దాటి, ఇంకా పైనున్న ‘లో మంథాంగ్’ వైపు వెళ్లాలంటే వేరే ప్రత్యేక పర్మిట్ ఉండాలి, భారతీయులమని మనకేం మినహాయింపు లేదు.

పోఖరా దాటాక వచ్చే బేని ఊళ్లో ట్యాంకు ఫుల్ చేయించండి. అక్కడి నుంచి రోడ్డు కాళీగండకి నది వెంటే. కొంత బాగుంటుంది, కొంత దుమ్ము, బురద, రాళ్లు, రోడ్డుకు అడ్డంగా పారే వాగులు. వాగులు దాటాల్సినవి పొద్దున్నే దాటేయండి, ఎండెక్కి మంచు కరిగేకొద్దీ నీళ్లు పెరుగుతాయి. మధ్యాహ్నం నుంచి ఆ లోయలో ఈడ్చికొట్టే గాలి లేస్తుంది. ఆ లోయలోని జోమ్‌సోమ్ ఊరికి వచ్చే విమానాలు కూడా పొద్దున పూటే తిరిగి ఆగిపోయేది ఆ గాలి వల్లే. వెనక సామాను ఎత్తుగా కట్టిన బండిని అది పక్కకు నెట్టేస్తుంది. అయిదున్నరకు బయల్దేరి మధ్యాహ్నానికల్లా రూములో ఉండేట్టు చూసుకోండి. టైర్లు, బ్రేక్ ప్యాడ్లు కొత్తవి వేయించండి. ఒక క్లచ్ కేబుల్, ఒక క్లచ్ లివర్ ఎక్స్‌ట్రా పెట్టుకోండి.

అందరికన్నా నెమ్మదిగా నడిపేవాడి స్పీడే గ్రూపు స్పీడు. అతన్ని చివర్న వదిలేయకుండా, బాగా అనుభవమున్నవాడు వెనకాల రావాలి. “ఇవాళ ఇక్కడే ఆగిపోదాంరా” అని ఒక్కడన్నా సరే, ఎగతాళి చేయకుండా అందరూ ఆగాలి. ఈ ఒప్పందం ఇంటి దగ్గరే కుదుర్చుకోండి. చీకటి పడే వేళ “ఇంకో గంటేగా మామా” అని మొదలయ్యాక ఎవరూ వినరు. రాత్రికి ఎక్కడ దిగినా, మర్నాడు బండి నడిపేవాళ్లు బీరు కూడా ముట్టకపోవడం మంచిది, మందు తాగి నడిపేవాళ్లను నేపాల్ ట్రాఫిక్ పోలీసులు ఊరికే వదలరు. రోడ్డు మీద ఆవులు కనిపిస్తే బాగా స్లో చేయండి. అది వాళ్ల జాతీయ జంతువు, ఆవును చంపడం జైలు శిక్ష పడే నేరం.

పోఖరా ఎత్తు 800 మీటర్ల చిల్లర, ముక్తినాథ్ 3,700 పైన. ఒక్క రోజులో ఎక్కేయొద్దు. మార్ఫాలోనో జోమ్‌సోమ్‌లోనో రాత్రి ఆగండి. తలనొప్పి, వాంతులు, తూలడం మొదలైతే మాత్రలేసుకుని పైకి వెళ్లడం కాదు, కిందికి దిగాలి, అదీ వెంటనే. ఎత్తు పడకపోవడానికి వేసుకునే డయామాక్స్ లాంటి మాత్రలు ఇక్కడే డాక్టర్‌ను అడిగి తీసుకోండి. గుడి దగ్గర 108 ధారల కింద స్నానం చేయాలని అందరికీ ఉంటుంది. ఆ నీళ్లు ఎముకలు కొరికేస్తాయి. బీపీ, గుండె సమస్యలున్నవాళ్లు తలమీద చల్లుకుంటే సరిపోతుంది. చేసినవాళ్లు ఒళ్లు బాగా తుడుచుకుని, పొడి బట్టలు వేసుకుని, వేడిగా ఏదన్నా తాగాకే బండెక్కాలి. సాలగ్రామాల కోసం నదిలోకి దిగేవాళ్లు ఒడ్డు దాటి లోపలికి పోవద్దు.

మన సిమ్ రోమింగ్ లేకుండా పనిచేయదు. పై ఊళ్లలో నేపాల్ టెలికాం సిగ్నల్ నయం, గ్రూపులో ఒకరిద్దరన్నా ఆ సిమ్ తీసుకోండి. పోలీసులకు 100, అంబులెన్సుకు 102, ట్రాఫిక్ పోలీసులకు 103. ఇవి, ఖాట్మండులోని భారత రాయబార కార్యాలయం నంబరు, ప్రతి ఒక్కరి బ్లడ్ గ్రూపు, ఇంటివాళ్ల ఫోన్ నంబరు ఒక చీటీ మీద రాసి ఎవరి జేబులో వాళ్లు పెట్టుకోండి. పడినప్పుడు ముందు పగిలేది ఫోనే.