వరద మీద నాటకం ఎలా వేయాలి? ఒక పట్టా, నాలుగు బిందెల నీళ్లు

2023 జులై 27 ఉదయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అంత వాన తెలంగాణలో అంతకు ముందు నమోదు కాలేదు. అదే రోజు మోరంచ వాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగింది. జనాన్ని కాపాడడానికి హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ఇదంతా మైకులో చదివి చూడండి, ముందు వరసలో వాళ్లు కూడా ఫోన్లు తీస్తారు. మరి నాటకంలో ఎలా చెప్పాలి?

ముందు ఒక్క చెరువును పట్టుకోండి. వాతావరణ మార్పు అంటూ ప్రపంచాన్నంతా నెత్తికెత్తుకోవద్దు. తూము ఎక్కడుంది, మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లే చోటు) ఎటు దుంకుతుంది, శిఖం భూమిలో, అంటే చెరువు నిండితే మునిగే నేలలో, ఇళ్లు ఎప్పుడు లేచాయి, ఇవన్నీ చెరువు నీళ్లు వదిలే నీరటిని, చేపలు పట్టేవాళ్లను అడిగి రాసుకోండి. మన దగ్గర కాకతీయుల కాలం నుంచీ గొలుసుకట్టు చెరువులే. పై చెరువు మత్తడి నీళ్లు కింది చెరువులోకి వస్తాయి. పైది తెగితే కిందిదానికీ గండమే. మీ కథ నడక అక్కడే దొరుకుతుంది.

ఇక అంకెను కంటికి చూపించాలి. 649.8 మిల్లీమీటర్లంటే దాదాపు 65 సెంటీమీటర్లు. ఒక కర్ర మీద అంత ఎత్తున సున్నంతో గీత గీసి, నటుడి కాలి పక్కన నిలబెట్టండి. మోకాలికి కాస్త పైన ఉంటుంది. జనం "గింతేనా?" అంటారు. అననివ్వండి.

అప్పుడు వడ్లు ఆరబోసే పట్టా తెచ్చి, జనంలోంచే ఎనిమిది మందిని పిలిచి అంచులు పట్టించండి. ఒక మూల మాత్రం కిందికి వంచాలి, అక్కడ అగ్గిపెట్టెలతో కట్టిన చిన్న ఊరు. మిగతా మూలల నుంచి బిందెలతో నీళ్లు పోయండి. ఎక్కడ పోసినా నీళ్లు ఆ ఒక్క మూలకే చేరతాయి. అగ్గిపెట్టెలు తేలుతాయి, పట్టా పట్టుకున్న వాళ్ల చేతులు బరువుకు వణుకుతాయి. అది నటన కాదు కాబట్టే నాకు మొత్తం నాటకంలో ఆ ఘట్టమే ఇష్టం. సరిగ్గా అప్పుడు కథకుడు లెక్క చెప్పాలి: ఆ వాన ఒక్క ఎకరం మీద పడితే 26 లక్షల లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లతో ఎత్తిపోస్తే ఐదు వందలకు పైనే.

కథ చెప్పడానికి ఒగ్గు కథ పద్ధతి, అంటే డోలు దరువు మీద పాటతో మాటతో కథ నడిపే పద్ధతి, బాగా సరిపోతుంది. వంతపాడే అతను "అదెట్లనే?" అని అడ్డు తగిలినప్పుడల్లా ఒక శాస్త్ర విషయం ఉపన్యాసంలా కాకుండా జారిపోతుంది. ఒగ్గు కళాకారులనే పిలిస్తే మరీ మంచిది, పైసలు ముందే మాట్లాడుకోండి. శాలువా కప్పి పంపించే అలవాటు మానుకుందాం.

వరదలో మనుషులను, గొడ్లను పోగొట్టుకున్న వాళ్ల దగ్గర మాత్రం నిదానం కావాలి. అడగకుండా రికార్డు చేయొద్దు, పేరూ ఆనవాళ్లూ మార్చండి, ఏడుపు సీను అసలే వద్దు. మేం మొదటిసారి ఆడినప్పుడు నీళ్ల హోరు కోసం డోలు గట్టిగా కొట్టించాం. ఒకమ్మ చెవులు మూసుకుని లేచి వెళ్లిపోయింది. వరద వచ్చిన రాత్రి ఆమె విన్న చప్పుడు అలాంటిదేనట. అప్పటి నుంచి ఏ చప్పుడు వస్తుందో ముందే చెప్తున్నాం. పక్క నుంచి లేచిపోవడానికి దారి వదులుతున్నాం, మాలో ఒకరు జనంలోనే కూర్చుంటున్నారు.

చివరి సీను పూర్తి చేయొద్దు. అర్ధరాత్రి, నీళ్లు గడప దాకా వచ్చాయి, ముసలామె బర్రెను విడిచి రానంటోంది. అక్కడ ఆపి, "మీరైతే ఏం చేస్తరు?" అని అడగండి. చెప్పడం కాదు, చెప్పిన మనిషే వచ్చి కొడుకు పాత్ర వేసి ఆమెను ఒప్పించాలి. బ్రెజిల్ నాటక దర్శకుడు అగస్టో బోల్ రూపొందించిన ఫోరం థియేటర్ పద్ధతి ఇది. ఒకరు బర్రె పలుపు విప్పుతారు, ఒకరు ఆమెను ఎత్తుకుంటారు, గొడవ కూడా అవుతుంది. మీరు తీర్పు చెప్పొద్దు.

పంచాయతీలో, పోలీసు స్టేషన్‌లో ముందే చెప్పి పెట్టుకోండి. వానాకాలంలో కట్ట మీద ఆడొద్దు, పొద్దు ఉండగానే ముగించండి. గీత గీసిన కర్రను ఊళ్లోనే వదిలేసి రండి. మేం వదిలిన కర్ర ఇప్పుడు ఒకరింట్లో బీరపాదుకు ఆసరాగా ఉంది, సున్నం గీత ఇంకా కనిపిస్తోంది.