ఎంత దగ్గరగా తీసినా గిన్నె గిన్నెలాగే కనిపిస్తోందా?

ముందుగా గదిలో లైటు ఆర్పేయండి. ఆబ్‌స్ట్రాక్ట్ ఫొటోకి, అంటే వస్తువేమిటో తెలియకుండా ఆకారాలు, వెలుగునీడలే కనిపించే ఫొటోకి, ఇంట్లో ఏమీ దొరకడం లేదని అడిగేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే, ఎవరూ వినని మాటా ఇదే. పైనుంచి సమంగా పరుచుకునే వెలుతురులో గోడ గరుకు తెలియదు, దుప్పటి ముడతలు తేలవు. పొద్దున్నో సాయంత్రమో కిటికీ వెలుగు ఏటవాలుగా పడుతున్నప్పుడు చూడండి. 1916లో అమెరికన్ ఫొటోగ్రాఫర్ పాల్ స్ట్రాండ్ తీసిన ఆబ్‌స్ట్రాక్ట్ ఫొటోల్లో ఉన్నవి గిన్నెలు, వరండా నీడల్లాంటివే. కాబట్టి వస్తువులకు కొరత లేదు.

సమస్య: ఫొటో చూడగానే "ఇది గిన్నె కదా" అంటున్నారు

చాలామంది గిన్నె పక్కన పెట్టి ఇంకో వస్తువు వెతుక్కుంటారు. నేనూ అదే చేశాను, వారం రోజులు వృథా. స్టీలు గిన్నె లోపలి వంపులు, వాటి మీద వెలుగు చారలు, అన్నీ చక్కగా కుదిరాయి. పట్టిచ్చింది మాత్రం పై మూలలో గోరంత అంచు! తీసేటప్పుడు మన చూపు మధ్యలో మెరుపు మీదే ఉంటుంది. చూసేవాళ్లు మాత్రం అదేమిటో పోల్చుకోవాలని చూస్తారు. ఆ కాస్త అంచు దొరికితే చాలు, మిగతా గిన్నెను ఊహే పూర్తి చేసేస్తుంది. పిడి, స్క్రూ తల, ఒక్క అక్షరం, మెరుపులో మీ ఫోన్ నీడ కూడా అంతే.

ఫొటోను తలకిందులుగా తిప్పి, నాలుగు మూలలూ ఒక్కొక్కటిగా బొటనవేలితో మూసి చూడండి. ఏ మూల మూస్తే వస్తువు పోల్చుకోలేకపోతున్నారో, తప్పు అక్కడుంది. అది ఫ్రేములో లేకుండా మళ్లీ తీయండి.

నన్ను రెండోసారి దెబ్బకొట్టింది ఇక్కడే. బాగా దగ్గరికి వెళ్తే కొన్ని ఫోన్లు చడీచప్పుడు లేకుండా మెయిన్ లెన్స్ నుంచి పక్క లెన్స్‌కి మారిపోతాయి. ఫ్రేము కాస్త జరుగుతుంది, తీసేశాననుకున్న అంచు మళ్లీ వచ్చి కూర్చుంటుంది. సెట్టింగ్స్‌లో ఆటో మాక్రో (దగ్గరికి వెళ్లగానే లెన్స్ దానంతటదే మార్చేది) ఆపేయండి. ఆ ఆప్షన్ లేకపోతే ఒక అడుగు వెనక్కి వచ్చి 2 లేదా 3 రెట్లు జూమ్ చేయండి. నొక్కే ముందు మూలలు ఇంకోసారి చూడండి.

తెల్ల గోడ బూడిద రంగులో వస్తోంది

కెమెరా ప్రతిదాన్నీ మధ్యస్థ బూడిద వెలుగుకి లాగుతుంది. కెమెరాలో ఎక్స్‌పోజర్ (ఫొటో వెలుగు) +1 దాకా పెంచండి.

అడ్డంగా చారలు పడుతున్నాయి

కరెంటు లైట్ల మినుకు అది. కరెంటు 50 హెర్ట్జ్ అయితే షట్టర్ స్పీడు 1/50 లేదా 1/100 సెకను, 60 అయితే 1/60 లేదా 1/120 పెట్టండి. మొదట్లోనే లైటు ఆర్పేసి ఉంటే ఈ తలనొప్పే లేదు.

మొత్తం మసకగా ఉంది

లెన్స్ తుడవండి. సెన్సర్ పాడైందేమోనన్న టెన్షన్ వద్దు, అది చాలా అరుదు.