పాత ఫైబర్ బోటు మరమ్మతు, తోడుగా చిన్న అవుట్‌బోర్డ్: సమస్యలు, పరిష్కారాలు

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజుల్లో బోటు ఎలాగూ ఒడ్డు మీదే ఉంటుంది కాబట్టి మరమ్మతులన్నీ అప్పుడే పెట్టుకుంటాం. ఆ పనితో పాటే వెనక పలకకు బయట తగిలించే ఒక చిన్న పెట్రోలు ఇంజన్ (అవుట్‌బోర్డ్) కూడా పెట్టిద్దామా అనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పెట్టించండి, తప్పకుండా పెట్టించండి. గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర ఆటు లాగుతున్న వేళ, ఉన్న ఒక్క డీజిల్ ఇంజనూ ఆగిపోతే బోటు కెరటానికి అడ్డం తిరగడానికి ఎంతోసేపు పట్టదు. ఆ కాసేపటి కోసమే రెండో ఇంజన్.

అప్పుడు అది అక్కరకు రావాలంటే రెండు సంగతులు చూసుకోవాలి. దాన్ని బిగించిన చోటు గట్టిగా ఉండాలి. పెద్ద ఇంజన్ ఏ కారణంతో ఆగిందో ఆ కారణం చిన్నదాన్ని కూడా ఆపేయకూడదు. కింద రాసిన వాటిలో చాలామటుకు ఈ రెంటి దగ్గరికే వస్తాయి. 25 నుంచి 30 అడుగుల ఫైబర్ బోటు, లోపల డీజిల్ ఇంజన్, వెనక నిలువు పలక ఉన్నవాటినే లెక్కలోకి తీసుకున్నాను.

వెనక పలక మీద తట్టితే మొద్దు శబ్దం వస్తోంది, బోల్టుల చుట్టూ సన్నటి పగుళ్లు ఉన్నాయి

అవుట్‌బోర్డ్ కొనే ముందు చూడాల్సింది ఇదే. మెకానిక్కులు ట్రాన్సమ్ అనే ఈ పలక బయటికి ఫైబర్‌లాగే కనిపిస్తుంది గానీ, చాలా బోట్లలో రెండు ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ ఉంటుంది. ఎప్పుడో వేసిన స్క్రూ రంధ్రంలోంచో, నీళ్లు పోయే బిరడా అంచులోంచో తేమ లోపలికి దిగి ఆ చెక్కను ఏళ్ల తరబడి తినేస్తుంది. పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది.

స్క్రూడ్రైవర్ పిడితో పలకంతా జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ రండి. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది, కుళ్లినచోట దబ్బుమంటుంది. అనుమానం ఉన్నచోట లోపలి వైపు నుంచి, పలక అడుగు భాగాన, 5 మిల్లీమీటర్ల డ్రిల్లుతో ఒక రంధ్రం వేయండి. బయటి పొర దాకా పోనివ్వొద్దు. డ్రిల్లు బిట్‌కి పట్టుకొచ్చిన పొట్టును అరచేతిలో వేసుకుని వేలితో నలపండి. లేత రంగులో పొడిపొడిగా రాలితే చెక్క బాగున్నట్టు. ముదురు గోధుమరంగులో ముద్దలా వేలికి అంటుకుని పుల్లటి వాసన కొడితే పని పడ్డట్టే. కొన్ని బోట్లకు ఆ రంధ్రంలోంచి నీళ్లే కారతాయి.

మధ్యలో రెసిన్ (గట్టిపడే జిగురు) ఎక్కించి సరిపెడతామని కొందరు అంటారు. ఇంజన్ వేలాడే చోట నేను దానికి ఒప్పుకోను. తడిసిన చెక్కలోకి రెసిన్ ఇంకదు. లోపలి ఫైబర్ పొర కోసి, కుళ్లిన చెక్కంతా తీసేసి, బయటి పొరను అలాగే ఉంచి వారం పదిరోజులు ఎండనివ్వాలి. ఈ ఒక్క విషయంలో మే ఎండ మనకు మేలు చేస్తుంది. కొత్త చెక్కకు ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్డే కొనండి. ఇంటి సామాన్లకు వాడే ఐఎస్ 303 రకం ఇక్కడ పనికిరాదు. 18 మిల్లీమీటర్ల షీట్లు రెండు, చిక్కగా కలిపిన ఎపాక్సీ రెసిన్‌తో అతికించి, అంచులకు రెండు మూడు పూతలు ఎపాక్సీ పట్టించాలి. ప్లైవుడ్ నీళ్లు తాగేది అంచుల నుంచే. ఆపైన ఫైబర్ పొరలు పక్క గోడల మీదికి కనీసం జానెడు ఎక్కేలా వేయాలి. పాత ఫైబర్‌కి కొత్తది కలిసే అంచును నిలువుగా వదలకుండా, మందానికి 12 రెట్లు పొడవు వచ్చేలా ఏటవాలుగా గ్రైండ్ చేయాలి. పట్టు దొరికేది ఆ ఏటవాలులోనే.

ఎపాక్సీ ఖరీదెక్కువే. పాత ఫైబర్ మీద అతుకులకు మాత్రం మామూలు పాలియెస్టర్ రెసిన్ కంటే దాని పట్టు ఎంతో మేలు. అయితే ఫైబర్ ముక్కలను అతికించి చేసే మామూలు చాప్డ్ మ్యాట్‌లోని జిగురు చాలావరకు ఎపాక్సీలో సరిగా కరగదు కాబట్టి నేత గుడ్డ వాడాలి. పాలియెస్టరే వాడేటట్టయితే ప్రాణం మీదికి వచ్చే సంగతి ఒకటుంది. కోబాల్ట్ యాక్సిలరేటర్‌నీ హార్డెనర్‌నీ నేరుగా ఒకదాంట్లో ఒకటి ఎప్పుడూ పోయకూడదు, మంట లేస్తుంది, పేలొచ్చు కూడా. ముందు యాక్సిలరేటర్‌ని రెసిన్‌లో బాగా కలిపాకే హార్డెనర్ వేయాలి. పని తెల్లవారుజామున మొదలుపెట్టండి. పది దాటాక ఆ వేడికి డబ్బాలోనే గడ్డకట్టేస్తుంది.

అడుగున రోజూ నీళ్లు చేరుతున్నాయి

బోటు పాడైపోయిందని కంగారు పడే ముందు షాఫ్ట్ బయటికి పోయే చోట నీళ్లు రాకుండా ప్యాకింగ్ చుట్టి బిగించే గ్లాండ్ చూడండి. ఇంజన్ నడుస్తున్నప్పుడు నిమిషానికి కొన్ని చుక్కలు పడటం మంచిదే, ప్యాకింగ్‌ని చల్లగా ఉంచేవి అవే. ఆపాక కూడా కారుతుంటే నట్టు కొద్దిగా బిగించండి. అప్పటికీ ఆగకపోతే పాత ప్యాకింగ్ మొత్తం లాగేసి కొత్త చుట్లు వేయాలి, అతుకులన్నీ ఒకే వరసలోకి రాకుండా చూసుకోవాలి. చుక్క కూడా పడకూడదని బిగించేస్తే ప్యాకింగ్ కాలి షాఫ్ట్ మీద గాట్లు పడతాయి. ఆ తర్వాత ఏ ప్యాకింగూ నీళ్లు ఆపదు.

గ్లాండ్ బాగానే ఉండి, బోటు మాత్రం మునుపటి కంటే లోతుగా కూర్చుంటోందంటే అడుగు పలక కింద ఫోమ్ నీళ్లు తాగి ఉంటుంది. అది ఎండదు. కోసి తీసి కొత్తది వేయడమే.

అడుగు భాగాన బొబ్బలు

చిన్నవి అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే భయం లేదు. పగలగొట్టి, మంచినీళ్లతో కడిగి, బాగా ఎండాక ఎపాక్సీ పుట్టీతో పూడ్చండి. గుంపుగా ఉండి, పగలగొడితే లోపల పొరలు విడిపోయి కనిపిస్తే ఆ భాగమంతా గ్రైండ్ చేసి కొత్త పొరలు వేయించాలి.

డీజిల్ ఇంజన్ తిరుగుతోంది, అంటుకోవడం లేదు

నెలలు ఆగిన ఇంజన్లలో ఎక్కువసార్లు ఫిల్టర్లో నీళ్లు, లైన్లో గాలి. ఫిల్టర్ మార్చి, పంపు దగ్గర గాలి వదిలే బ్లీడ్ స్క్రూ వదులు చేసి, బుడగల్లేని డీజిల్ వచ్చేదాకా చేతి పంపు కొట్టండి. ట్యాంకు అడుగున మడ్డి ఉంటే కడిగించండి. అది ఒడ్డున కదలకుండా ఉంటుంది, సముద్రంలో కెరటాల ఊపుకి పైకి లేచి ఫిల్టర్ని మూసేస్తుంది. మొగ దగ్గరే ఇంజన్ ఆగడానికి ఇదొక పెద్ద కారణం.

చిన్న ఇంజన్ గోల పెడుతోంది, బోటు కదలడం లేదు

ఇక అవుట్‌బోర్డ్ సంగతి. కెరటం మీద ఉన్నప్పుడు మాత్రమే గోల పెడుతుంటే ప్రొపెల్లర్ గాలి పీలుస్తోందన్నమాట. కారణం దాదాపు ఎప్పుడూ షాఫ్ట్ పొడవే. అవుట్‌బోర్డులు 15 అంగుళాలు, 20 అంగుళాలు, 25 అంగుళాల పలకలకు వేరువేరుగా వస్తాయి. ఒక్కటే ఇంజన్ మధ్యలో ఉంటే ప్రొపెల్లర్‌కి పైన ఇంజన్ కాలికి అడ్డంగా ఉండే రెక్క బోటు అడుగుకు సమంగా ఉంటే సరిపోతుంది. తోడు ఇంజన్ ఒక పక్కన ఉంటుంది కదా, బోటు రెండో వైపు ఒరిగినప్పుడు ఇది పైకి లేస్తుంది. అందుకే ఆ రెక్క అడుగుకంటే బాగా కిందికి ఉండేలా పొడవు షాఫ్ట్ తీసుకుని, పైకీ కిందికీ జరిగే బ్రాకెట్ మీద పెట్టాలి. చవగ్గా దొరికిందని పొట్టి షాఫ్ట్ సెకండ్‌హ్యాండ్ ఇంజన్ తెచ్చుకుంటే, ప్రశాంతంగా ఉన్న కాలువలో తప్ప ఎక్కడా పనికిరాదు.

బ్రాకెట్ మీద రాసిన బరువు పరిమితి చూడండి. 9.9 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ 40 కిలోలకు అటూఇటూ ఉంటుంది. స్క్రూలు కాదు, పలకకు ఇటు నుంచి అటు దాకా పోయే బోల్టులు, 316 స్టెయిన్‌లెస్‌వి, లోపలి వైపు వెడల్పాటి పట్టీ వేసి. ప్రతి రంధ్రాన్నీ కావలసినదానికంటే పెద్దగా వేసి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో అసలు సైజు రంధ్రం వేయాలి. అలా చేస్తే సీలెంట్ ఎప్పుడైనా తప్పినా నీళ్లు చెక్క దాకా పోవు. ఇంజన్‌కి ఒక గొలుసు కూడా కట్టండి, బిగించే మరలు ఊపుకి వదులవుతాయి.

నీళ్లు నిశ్చలంగా ఉన్నా ఇంజన్ తిరుగుతూ బోటు కదలకపోతే కథ వేరు. బాగా చిన్న ఇంజన్లలో ప్రొపెల్లర్ పిన్ను విరిగి ఉంటుంది, కొంచెం పెద్దవాటిలో లోపలి రబ్బరు బుష్ జారుతుంటుంది. పిన్నులు, ఒక కటింగ్ ప్లయర్ బోటులోనే ఉంచుకోండి. మేకు ముక్క పెట్టి నడపొద్దు. ఈసారి ఏదైనా తగిలితే గేర్లు పోతాయి.

పది నిమిషాలు బాగా నడిచి ఆగిపోతోంది, కాసేపాగి మళ్లీ అంటుకుంటోంది

ముందు పెట్రోలు ట్యాంకు మూత మీద గాలి మర తెరిచారా చూడండి. మూసి ఉంటే లోపల గాలి తగ్గి పెట్రోలు రాదు. లైన్లో ఉన్న చేతి బల్బును పట్టుకుని చూస్తే చాలా తెలుస్తుంది. చప్పిడిగా నొక్కుకుపోయి ఉంటే ట్యాంకు వైపు అడ్డం ఉంది. ఎంత నొక్కినా గట్టిపడకపోతే ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా బల్బు వాల్వు పోయింది. బల్బు మీది బాణం గుర్తు ఇంజన్ వైపు ఉండాలి. అసలు మొదటి నుంచీ అంటుకోకపోతే అన్నిటికంటే ముందు ఎర్ర తాడు క్లిప్పు చూడండి. అది ఊడితే ఇంజన్ ఆగిపోవాలనే దాన్ని పెట్టారు, నడుపుతున్నంతసేపూ అది సరంగు (బోటు నడిపే మనిషి) చేతికో నడుముకో ఉండాల్సిందే.

నెలల తర్వాత తీస్తే చోక్ మీద తప్ప నడవడం లేదు

తోడు ఇంజన్లన్నిటికీ వచ్చే జబ్బు ఇది. వాడకం ఉండదు, పెట్రోలు మాత్రం లోపలే ఉండిపోతుంది. ఇప్పుడు మన బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ గాల్లోని తేమను పీలుస్తుంది. నీళ్లు ఒక హద్దు దాటితే ఆ రెండూ కలిసి అడుగుకి దిగిపోతాయి, ఇంజన్ పీల్చేది కూడా ఆ అడుగు నుంచే. పాత రబ్బరు పైపులు కూడా దానికి ఉబ్బి పొరలు రాలుస్తాయి. చాలా అవుట్‌బోర్డ్ కంపెనీలు 10 శాతం ఇథనాల్ దాకానే ఒప్పుకుంటాయి కాబట్టి మీ ఇంజన్ పుస్తకంలో ఏముందో చదవండి.

కార్బురేటర్ విప్పి జెట్‌ని వెలుతురుకెదురుగా పట్టుకోండి. సూదిమొనంత రంధ్రం గుండ్రంగా కనిపించాలి. పక్కల పచ్చటి గారలా కట్టి కన్నం సగానికి కుంచించుకుపోయి ఉంటే రోగం దొరికినట్టే. క్లీనర్లో నానబెట్టి గాలి కొట్టండి. ఇనప తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదై ఇంజన్ ఎప్పటికీ సరిగా నడవదు. మళ్లీ రాకుండా ఉండాలంటే, ఒడ్డుకి చేరాక పెట్రోలు పైపు ఊడదీసి, చల్లబరిచే నీళ్లు అందుతుండగానే ఇంజన్ దానంతటది ఆగేదాకా నడపండి. నెల దాటిన పెట్రోలు బోటులో ఉంచొద్దు, స్కూటరుకు పోసేయండి. ఆయిల్ కలిపిన టూ స్ట్రోక్ పెట్రోలైతే అదీ కుదరదు, కావలసినంతే కలుపుకోండి. ఎక్కువ ఇంజన్లకు 50కి 1 పాళ్లు, అంటే 10 లీటర్లకు 200 మిల్లీలీటర్లు. ఆయిల్ టీసీ-డబ్ల్యూ3 రకం కావాలి, బైకు ఆయిల్ కాదు.

వెనక సన్నటి నీటి ధార రావడం లేదు

వెంటనే ఆపండి, ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లు తిరుగుతున్నాయని చూపేది ఆ ధారే. కన్నంలో ఉప్పు, ఇసుక అడ్డం పడి ఉండొచ్చు, సన్న తీగతో శుభ్రం చేసి చూడండి. అయినా రాకపోతే పంపులో రబ్బరు ఇంపెల్లర్ పోయినట్టు. నీళ్లు లేకుండా కొద్ది సెకన్లు నడిపినా దాని రెక్కలు కాలిపోతాయి. రెక్క ముక్క విరిగి కనిపించకపోతే అది లోపలి దారుల్లోనే ఉంది, వెతికి తీయాలి. ఉప్పునీళ్లలో నడిపిన ప్రతిసారీ మంచినీళ్లతో లోపల కడగండి.

గేర్ ఆయిల్ కూడా చూడండి. పాలలా తెల్లగా వస్తే సీలు పోయి నీళ్లు దిగుతున్నాయి. కొత్త ఆయిల్ కింది రంధ్రం నుంచి పైదాంట్లోంచి పొంగేదాకా ఎక్కించాలి. తుప్పు పట్టకుండా ఇంజన్ కాలికి ఉండే బలి లోహం ముక్కకు రంగు వేయొద్దు, సగం కరిగితే మార్చండి. సముద్రానికి జింకు చాలు. ఉప్పూ తీపీ కలిసే నదీ ముఖాల్లో తిరిగే బోట్లకు అల్యూమినియం ముక్క మంచిది.

పెద్దది ఆగింది, చిన్నదీ ఆగింది

పెద్ద ఇంజన్ కూడా పెట్రోలుదైతే, రెంటికీ ఒకే ట్యాంకు పెట్టడం ఖర్చు తగ్గించినట్టు కనిపిస్తుంది. ఆ ట్యాంకులో నీళ్లు చేరిన రోజున రెండూ కలిసే ఆగుతాయి. చిన్నదానికి వేరే ట్యాంకు, వేరే ఫిల్టరు, వేరే పైపు ఉండాలి. సెల్ఫ్ స్టార్ట్ ఉన్నా తాడు లాగి స్టార్ట్ చేసే వీలున్నదే కొనండి, ఒక్క బ్యాటరీని రెండూ నమ్ముకోకూడదు. పెద్దది డీజిల్ అయితే ఇంధనం ఎలాగూ వేరు, కానీ పెట్రోలు డబ్బాని డీజిల్ ఇంజన్ గదిలో పెట్టొద్దు. ఆవిరి అడుగున పేరుకుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. గాలాడే చోట, వెనక కట్టేయండి.

రేవులో బాగానే ఉంది, ఆటుకు ఎదురు నిలవడం లేదు

సామాన్లు, మనుషులు, వలతో సహా పూర్తి బరువు మీద, పెద్ద ఇంజన్ ఆపేసి, ఆటుకు ఎదురుగా నడిపి చూడండి. అలా చూసేదాకా అమర్చడం పూర్తయిందని నేను అనుకోను. బరువు టన్నుకి 4, 5 హార్స్‌పవర్ చొప్పున చూసుకోవడం ఒక మోటు లెక్క. అంతకు రెట్టింపు పెట్టినా వేగం రాదు. నీటి మీద 25 అడుగుల పొడవున్న ఇలాంటి బరువైన బోటుకి 6.7 నాట్ల దగ్గర, అంటే గంటకు 12 కిలోమీటర్ల పైచిలుకు దగ్గర, సహజంగానే హద్దు వస్తుంది.

ఇంజన్ సరిపోయేదే అయినా నిలవకపోతే ముందు అడుగు చూడండి, గుల్లలు పట్టి ఉంటే గీకించండి. తర్వాత ప్రొపెల్లర్. చిన్న ఇంజన్లతో వచ్చేది తేలికపాటి బోట్లను పరిగెత్తించే రకం, బరువు లాగేటప్పుడు ఇంజన్ దానితో తిరగలేక గొంతు నొక్కినట్టవుతుంది. పూర్తి యాక్సిలరేటర్ మీద ఎన్ని ఆర్‌పీఎం వస్తోందో కొలవండి. చాలా చిన్న ఫోర్ స్ట్రోక్‌లకు 5000 నుంచి 6000 మధ్య రావాలి, మీ ఇంజన్ పుస్తకంలో కచ్చితమైన అంకె ఉంటుంది. తక్కువ వస్తుంటే పిచ్ (ఒక్క చుట్టుకి ప్రొపెల్లర్ ముందుకు పోయే లెక్క) తక్కువున్న, వ్యాసం ఎక్కువున్న హై థ్రస్ట్ ప్రొపెల్లర్ వేయించండి. పిచ్ ఒక అంగుళం తగ్గితే 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది.

బోటు ఒక పక్కకే లాగుతుంటే అది ఇంజన్ పక్కన ఉండటం వల్లే. చిన్న ఇంజన్‌ని నేరుగా బిగించి, దారి మాత్రం పెద్ద చుక్కానితో దిద్దుకోండి.

కొత్త ఇంజన్ నంబరు, హార్స్‌పవర్ బోటు రిజిస్ట్రేషన్లో ఎక్కించడానికి నిషేధం ముగిసేలోపే మత్స్యశాఖ ఆఫీసుకి వెళ్లిరండి. కోస్ట్ గార్డ్ ఫోన్ నంబరు 1554. దాన్ని రంగుతో సరంగు కళ్లెదురుగా రాయించండి.