ఇంట్లోవాళ్లు మీ కథ చదివి "బాగానే ఉంది" అంటే ఏం చేయాలి?

మా ఆయన నా కథ చదివి, ఫోన్ పక్కన పెట్టి, "బాగానే ఉంది" అన్నారు. "బాగుంది" కాదు, "బాగానే ఉంది". ఆ 'నే' ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. మీకూ ఇలా జరిగి ఉంటే, నాకు పనికొచ్చిన పద్ధతి చెబుతాను.

ముందు, ఆ పూట ఏమీ అడక్కండి. "అంతేనా?" అంటే అవతలివాళ్లు కంగారుపడి పొగుడుతారు. ఆ పొగడ్త కథకు ఉపయోగపడదు. ఆ రాత్రి కథను దిద్దకండి కూడా. బాధలో ఉన్నప్పుడు మంచి పేరానే కొట్టేస్తాం.

తర్వాత, వాళ్లు ఎప్పుడు, ఎలా చదివారో గుర్తు చేసుకోండి. ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చి చదివారా? కథలో మీ అత్తగారి పోలికో, వాళ్ల చిన్నప్పటి సంగతో ఉందా? అలాంటిది ఉంటే ఎవరైనా ముక్తసరిగానే మాట్లాడతారు.

రెండు మూడు రోజులాగి, ప్రశ్న మార్చి అడగండి. అసలు పని ఇదే. "ఎలా ఉంది?" అని అడిగినంతకాలం "బాగానే ఉంది" అనే జవాబే వస్తుంది. "ఎక్కడ ఆపేయాలనిపించింది?", "ఎవరు ఎవరో తెలియక వెనక్కి వెళ్లి చూశారా?", "ఇప్పుడు ఏం గుర్తుంది?" అని అడగండి. నేను చివరిది అడిగితే, "ఆ ముసలామె తలుపు గొళ్లెం పెట్టి, మళ్లీ తీసి వీధిలోకి చూస్తుందే, అది" అన్నారు. అది నాలుగో పేజీలో ఉంది. మొదటి మూడు పేజీలూ ఊరి వర్ణనే! నాకు ఎంతో ఇష్టమైన వర్ణన. ఆయన చెబుతుంటే సంజాయిషీ ఇవ్వాలని నోటిదాకా వచ్చింది. ఆపుకుని కాగితం మీద రాసుకున్నాను. మీరూ అంతే చేయండి.

కథలు చదివే అలవాటున్న ఇంకొకరికీ చూపించండి. ఇంట్లో మనిషికి మన మీద ప్రేమ ఉంటుంది, కథల మీద ఉండాలని లేదు. శ్రీకాకుళంలో కథారచయిత కాళీపట్నం రామారావుగారు 1997లో స్థాపించిన కథల గ్రంథాలయం 'కథానిలయం' వెబ్‌సైట్‌లో పాత కథలు బోలెడు దొరుకుతాయి. నాలుగు కథలు తీసి, మొదటి పేరాలో ఏం జరుగుతోందో చూసి, మీ మొదటి పేరా పక్కన పెట్టుకోండి.

నేను గొళ్లెం సీన్‌ను మొదటి పేజీకి తెచ్చాను. కథ నా సొంతమేనని రాసిచ్చే హామీపత్రం మీద సంతకం చేసి పత్రికకు పంపే ముందు, కథ మళ్లీ ఆయనకిచ్చాను. "ఆ ముసలామె ఎవరి కోసం చూస్తోందో చెప్పవేం?" అని అడిగారు.