పాత గేమ్‌లను వీఆర్ హెడ్‌సెట్‌లో ఆడాలంటే: ఏ గేమ్‌కి ఏ దారి

వీఆర్ (వర్చువల్ రియాలిటీ) ఊసే లేని రోజుల్లో తయారైన గేమ్‌ని ఇవాళ హెడ్‌సెట్‌లో ఆడటానికి మూడు దారులున్నాయి. ఒకటి, గేమ్ ఇంజిన్‌నే వీఆర్‌కి తగ్గట్టు మార్చి రాసిన పోర్ట్. రెండు, కళ్లెదుట పెద్ద తెర పెట్టుకుని దాని మీద మామూలుగానో త్రీడీలోనో ఆడుకోవడం. మూడు, బయటి సాఫ్ట్‌వేర్ ఒకటి గేమ్‌లోకి దూరి, మన తల కదలికను మౌస్ కదలికగా మార్చి పంపడం. వీడియోల్లో అదరగొట్టేది మూడోదే. తల తిప్పి, కడుపులో తిప్పి, హెడ్‌సెట్‌ని అటక ఎక్కించేదీ అదే. కాబట్టి వరస ఇలా పెట్టుకోండి: పోర్ట్ ఉంటే పోర్ట్, లేకపోతే పెద్ద తెర. మూడోదాని జోలికి చివర్లో వెళ్దాం.

పోర్ట్ ఉన్న గేమ్‌లు

ఏ పాత గేమ్‌లకు మంచి వీఆర్ పోర్ట్‌లు వచ్చాయో చూస్తే కారణం ఇట్టే తెలిసిపోతుంది. వాటి సోర్స్ కోడ్ బయట ఉంది. 1993 నాటి డూమ్ కోడ్‌ని ఐడీ సాఫ్ట్‌వేర్ 1997లో విడుదల చేసింది. 1996 నాటి క్వేక్ కోడ్ 1999లో, రిటర్న్ టు కాజిల్ వుల్ఫెన్‌స్టైన్ కోడ్ 2010లో, డూమ్ 3 కోడ్ 2011లో వచ్చాయి. జెడై అవుట్‌కాస్ట్, జెడై అకాడమీల కోడ్ 2013లో బయటపడింది. హాఫ్-లైఫ్ ఇంజిన్ కోడ్ అలా రాలేదు గానీ, దాన్ని పోలినట్టే విడిగా రాసిన ఎక్సాష్ 3డీ అనే ఇంజిన్ ఉంది. వీటన్నిటినీ టీమ్ బీఫ్ అనే బృందం మెటా కంపెనీ క్వెస్ట్ హెడ్‌సెట్‌ల కోసం మార్చింది. తుపాకీ మీ చేతిలో ఉంటుంది, వంగితే గేమ్‌లోనూ వంగుతారు, గోడ పక్క నుంచి తొంగి చూడొచ్చు. ఆడేటప్పుడు పీసీ అక్కర్లేదు.

అయితే బయటికొచ్చింది కోడ్ మాత్రమే. లెవెళ్లు, శబ్దాలు, బొమ్మలు ఇప్పటికీ కంపెనీ సొత్తు. అందుకే గేమ్ కొనుక్కుని, ఆ ఫైళ్లను మీరే హెడ్‌సెట్‌లోకి కాపీ చేసుకోవాలి.

ముందు డెవలపర్ మోడ్, అంటే స్టోర్‌లో లేని యాప్‌లను కూడా వేసుకోనిచ్చే సెట్టింగ్. మెటా డెవలపర్ సైట్‌లో మీ అకౌంట్‌తో ఒక ఆర్గనైజేషన్ సృష్టించండి, పేరు ఏదైనా పర్వాలేదు. అకౌంట్ వెరిఫై అయ్యాక ఫోన్‌లోని మెటా హొరైజన్ యాప్‌లో హెడ్‌సెట్ సెట్టింగ్స్‌కి వెళ్లి డెవలపర్ మోడ్ ఆన్ చేసి, హెడ్‌సెట్‌ని ఒకసారి రీస్టార్ట్ చేయండి. అలాంటి యాప్‌లను హెడ్‌సెట్‌లోకి ఎక్కించే సైడ్‌క్వెస్ట్‌ని పీసీలో పెట్టుకుని కేబుల్ కలపండి. హెడ్‌సెట్ లోపల యూఎస్‌బీ డీబగ్గింగ్‌కి అనుమతి అడుగుతుంది. పీసీ వైపు చూస్తూ కూర్చుంటే అది కనబడదు, హెడ్‌సెట్ తలకు పెట్టుకుని ఒప్పుకోవాలి. ఎంతకీ అడగకపోతే ముందు కేబుల్‌ని అనుమానించండి. పవర్ బ్యాంకులతో వచ్చేవాటిలో చాలావరకు చార్జింగ్‌కి తప్ప డేటాకి పనికిరావు.

పోర్ట్ ఇన్‌స్టాల్ అయ్యాక యాప్ లైబ్రరీలో 'అన్‌నోన్ సోర్సెస్' విభాగంలో కనిపిస్తుంది. ఒకసారి తెరిచి, స్టోరేజ్ అనుమతి ఇచ్చి, మూసేయండి. అది తన ఫోల్డర్‌ని సృష్టించుకోవాలి. మొదటిసారి నల్ల తెర వచ్చి మూసుకుపోయినా కంగారు పడక్కర్లేదు, దానికింకా ఫైళ్లు దొరకలేదు, అంతే. ఇక్కణ్నుంచి ఒక్కో గేమ్‌ది ఒక్కో పేచీ.

క్వేక్: పోర్ట్‌తో వచ్చేది షేర్‌వేర్ భాగం, అంటే మొదటి ఎపిసోడ్ మాత్రమే. మిగతాది కావాలంటే కొన్న గేమ్‌లోని 'పాక్0', 'పాక్1' ఫైళ్లు రెండూ హెడ్‌సెట్‌లో క్వేక్‌క్వెస్ట్ ఫోల్డర్ లోపలి 'ఐడీ1'లో వేయాలి. స్టీమ్ అనే పీసీ గేమ్‌ల స్టోర్‌లో కొన్న క్వేక్‌లో ఈ పేరుతో ఫోల్డర్లు రెండుంటాయి. 'రీరిలీజ్' లోపలిది 2021 కొత్త వెర్షన్‌ది, అది వద్దు. బయట ఉన్నదే పాతది, దాన్నే తీసుకోండి.

హాఫ్-లైఫ్: 'వాల్వ్' అనే ఫోల్డర్ మొత్తాన్ని హెడ్‌సెట్‌లోని 'ఎక్సాష్' ఫోల్డర్‌లోకి కాపీ చేయాలి. 2023 నవంబర్‌లో వచ్చిన 25 ఏళ్ల అప్‌డేట్‌తో లోపలి ఫైళ్లు మారాయి. కాబట్టి కాపీకి ముందు స్టీమ్‌లో గేమ్ ప్రాపర్టీస్ తెరిచి, బీటాస్‌లో 'స్టీమ్ లెగసీ' ఎంచుకుని, డౌన్‌లోడ్ అవనివ్వండి. ఈ పని మరిచిపోయినవాళ్లకే మెనూలు విరగడం, గేమ్ మొదలవగానే మూసుకుపోవడం లాంటివి ఎదురవుతుంటాయి.

డూమ్ 3: 2004 నాటి అసలు గేమ్ కావాలి, తర్వాత మళ్లీ విడుదలైన బీఎఫ్‌జీ ఎడిషన్ పనికిరాదు. పోల్చుకోవడం తేలికే. 'బేస్' ఫోల్డర్‌లో ఫైళ్ల చివర 'పీకే4' అని ఉంటే అసలుది, 'రిసోర్సెస్' అని ఉంటే బీఎఫ్‌జీ. 000 నుంచి 008 వరకు తొమ్మిది పాక్ ఫైళ్లు ఉండాలి. 004 దగ్గరే ఆగిపోతే 1.3.1 ప్యాచ్ వేయలేదని అర్థం.

పీసీ ఉన్నవాళ్లకు హాఫ్-లైఫ్ 2 వీఆర్ మాడ్ అన్నిటికన్నా సులువు. 2022 సెప్టెంబర్ నుంచి స్టీమ్‌లో ఉచితంగా దొరుకుతోంది, అసలు గేమ్ ఒకటి మీ దగ్గరుంటే చాలు. పాత గేమ్‌ని వీఆర్‌లోకి తేవడమంటే ఎలా ఉండాలో ఎవరికైనా చూపించాలంటే దీన్నే చూపించండి.

సోనీ పీఎస్‌పీ గేమ్‌లను వేరే పరికరాల్లో నడిపే పీపీఎస్‌ఎస్‌పీపీ ఎమ్యులేటర్ 1.14 వెర్షన్ నుంచి వీఆర్‌ని అధికారికంగా ఇచ్చింది. కొన్ని గేమ్‌లలో అద్భుతంగా ఉంటుంది, కొన్నింటిలో ఆకాశం ముక్కలుగా వేలాడుతుంది. మీ సొంత డిస్క్ నుంచి తీసుకున్న ఫైల్‌తో ప్రయత్నించి చూడటమే.

పీజీ వైఫైతో వచ్చే తిప్పలు

ఇక మిగిలిన గేమ్‌లకు పీసీ తప్పదు. పీసీ నుంచి హెడ్‌సెట్‌కి బొమ్మ వెళ్లాలంటే యూఎస్‌బీ కేబుల్ ఉండాలి (యూఎస్‌బీ 3 అయితే మేలు), లేదంటే వైఫై. వైఫై అయితే స్టీమ్ లింక్ ఉచితం, వర్చువల్ డెస్క్‌టాప్ కొనుక్కోవాలి.

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం వైపు పీజీల్లో ఉండేవాళ్లకు గేమ్ కన్నా ముందు అడ్డొచ్చేది రూటరే. హెడ్‌సెట్, ల్యాప్‌టాప్ రెండూ ఒకే వైఫైలో ఉన్నా ఒకదానికొకటి కనబడవు. పీజీలు, హాస్టళ్లలో చాలాచోట్ల ఒకరి ఫోన్ ఇంకొకరికి కనబడకుండా రూటర్‌లో ఏపీ (యాక్సెస్ పాయింట్) ఐసోలేషన్ పెట్టి ఉంచుతారు. మీ వైపు నుంచి ఏ సెట్టింగ్ మార్చినా లాభం లేదు. ఓనర్ అంకుల్‌ని బతిమాలి తీయించడం కన్నా, ఎలక్ట్రానిక్స్ దొరికే ఎస్‌పీ రోడ్డుకి వెళ్లి గిగాబిట్ ల్యాన్ పోర్టులున్న వైఫై 6 రూటర్ ఒకటి తెచ్చుకోవడం మేలు. దానికి ఇంటర్నెట్ కనెక్షన్ కూడా అక్కర్లేదు. ల్యాప్‌టాప్‌ని ల్యాన్ కేబుల్‌తో దానికి కలపండి, హెడ్‌సెట్ ఒక్కటే దాని వైఫై మీద ఉండాలి. ల్యాప్‌టాప్ కూడా వైఫై మీదే ఉంటే ఒకే బొమ్మ గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది, ఆలస్యం పెరుగుతుంది.

రూటర్ సెట్టింగ్స్ ఇలా ఉండాలి: బ్యాండ్ 5 గిగాహెర్ట్జ్, వెడల్పు 80 మెగాహెర్ట్జ్, చానెల్ 36 నుంచి 48 లోపు, లేదా 149 నుంచి 161 లోపు. 'ఆటో'లో వదిలేస్తే రూటర్ 52 నుంచి 144 మధ్యకి వెళ్లొచ్చు. అక్కడ రాడార్ సంకేతం ఉన్నట్టు దానికి అనిపిస్తే ఉన్నపళంగా చానెల్ మార్చేస్తుంది, మీ ముందు బొమ్మ గడ్డకట్టుకుపోతుంది. ఫ్లాట్లన్నీ కిక్కిరిసిన చోట ఫోన్‌లో వైఫై అనలైజర్ యాప్ పెట్టి, పై రెండింట్లో ఖాళీగా ఉన్న వైపుకి మారండి. రూటర్ మీ గదిలోనే ఉండాలి, రెండు గోడలు దాటి వచ్చే 5 గిగాహెర్ట్జ్ మీద ఆశ పెట్టుకోవద్దు. స్ట్రీమింగ్ యాప్‌లో బిట్‌రేట్ (సెకనుకు పంపే డేటా) 100 మెగాబిట్ల దగ్గర మొదలుపెట్టి, తడబాటు లేకపోతే 150కి, 200కి పెంచుకుంటూ వెళ్లండి. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ 40 అయినా 300 అయినా ఇక్కడ తేడా లేదు, ఆ లైను ఈ ప్రయాణంలో లేనే లేదు.

పెద్ద తెర, దాని మీద త్రీడీ

'ఇంత డబ్బు పోసి చివరికి టీవీలా వాడాలా' అని మొహం చిట్లించేవాళ్లు ఉంటారు. కానీ పై నుంచి చూసే స్ట్రాటజీ గేమ్‌లకు, హీరో వెనక కెమెరా ఉండే గేమ్‌లకు ఇంతకన్నా మంచి దారి లేదు. పాత గేమ్‌లు చాలా సెకనుకు 30 లేదా 60 ఫ్రేములకు కట్టుబడి ఉంటాయి, కొన్నింట్లో ఫ్రేములు పెంచితే ఫిజిక్స్ కూడా వెర్రెత్తుతుంది. తెర పద్ధతిలో గేమ్ ఎంత వేగంతో నడిచినా, తల కదలికకు స్పందించే పని హెడ్‌సెట్ తన వేగంతో తాను చూసుకుంటుంది. అందుకే తల తిరగదు. గేమ్ 60 ఫ్రేములదైతే హెడ్‌సెట్‌ని 120 హెర్ట్జ్‌లో పెట్టండి. 90లో పెడితే 60 దానిలో సమంగా సర్దుకోదు, కెమెరా పక్కకి జరిగేటప్పుడు చిన్న చిన్న కుదుపులు కనిపిస్తాయి.

తెరని ఎంత పెద్దగా పెట్టుకోవాలి? క్వెస్ట్ 3లో ఒక డిగ్రీకి సుమారు 25 పిక్సెళ్లు. 60 డిగ్రీలు ఆక్రమించే తెర పెట్టుకుంటే అడ్డంగా మీకు దక్కేది 1500 పిక్సెళ్లే. కాబట్టి గేమ్‌ని 4కేలో నడిపి గ్రాఫిక్స్ కార్డుని మాడ్చడం దండగ, 1080 చాలు. 4:3 గేమ్‌ని 4:3లోనే ఉంచండి, సాగదీస్తే మనుషులు పొట్టిగా, లావుగా కనిపిస్తారు.

త్రీడీ కావాలంటే గేమ్ గీసిన బొమ్మని మార్చే రీషేడ్, దానిలో నడిచే సూపర్‌డెప్త్3డీ అనే షేడర్ (బొమ్మని మార్చే చిన్న ప్రోగ్రామ్). రెండూ ఉచితం. గేమ్ లోపల ఏ వస్తువు ఎంత దూరంలో ఉందో రాసుకునే డెప్త్ బఫర్‌ని చదివి, రెండో కంటికి కావలసిన బొమ్మని ఇది ఊహించి తయారుచేస్తుంది. విండోస్‌లో గేమ్‌లు బొమ్మలు గీయడానికి వాడే డైరెక్ట్ఎక్స్‌లో 8, అంతకుముందు వెర్షన్ల గేమ్‌లకైతే నడుమ డీజీవూడూ2 పెట్టాలి. అది పాత డైరెక్ట్ఎక్స్ పిలుపులను డైరెక్ట్ఎక్స్ 11కి మారుస్తుంది. గేమ్ డైరెక్ట్ఎక్స్ 8ది అయితే డీజీవూడూలోని 'ఎంఎస్' ఫోల్డర్, దానిలో 'ఎక్స్86' నుంచి డీ3డీ8 డీఎల్ఎల్ ఫైల్ తీసి గేమ్ ఈఎక్స్ఈ పక్కనే పెట్టండి. ఇంకా పాతదైతే డీడ్రా, డీ3డీఇమ్ ఫైళ్లు. దాని కంట్రోల్ ప్యానెల్‌లో వాటర్‌మార్క్ టిక్ తీసేసి, యాంటీఅలియాసింగ్ ఆఫ్ చేయండి. ఎంఎస్ఏఏ అనే యాంటీఅలియాసింగ్ ఆన్‌లో ఉంటే రీషేడ్‌కి డెప్త్ బఫర్ అందదు, బొమ్మ చదునుగానే ఉండిపోతుంది. తర్వాత రీషేడ్‌ని డైరెక్ట్ఎక్స్ 10/11/12 ఎంపికతో ఇన్‌స్టాల్ చేయండి. గేమ్ పాతది కదా అని 9 ఎంచుకుంటే రీషేడ్ మెనూనే రాదు.

గేమ్ తెరిచి హోమ్ కీ నొక్కి, ముందుగా డిస్‌ప్లేడెప్త్ షేడర్ ఆన్ చేసి చూడండి. దగ్గరవి నల్లగా, దూరమైనవి తెల్లగా నెమ్మదిగా మారుతూ కనిపిస్తే సరే. రంగులు తారుమారైతే డెప్త్ 'రివర్స్డ్' సెట్టింగ్‌ని, బొమ్మ తలకిందులైతే 'అప్‌సైడ్ డౌన్' సెట్టింగ్‌ని మార్చాలి. ఇది కుదరకుండా త్రీడీ షేడర్‌తో కుస్తీ పట్టడం వృథా. కుదిరాక సూపర్‌డెప్త్3డీ ఆన్ చేస్తే తెర పక్కపక్కన రెండు బొమ్మలుగా చీలుతుంది. బిగ్‌స్క్రీన్ లాంటి యాప్‌లో తెరని సైడ్ బై సైడ్‌కి మారిస్తే ఆ రెండూ కలిసి ఒకటవుతాయి.

లోతుని తక్కువ నుంచి మొదలుపెట్టండి. దూరాన ఉన్న కొండనో చంద్రుణ్నో చూడండి, రెండుగా కనిపిస్తే కళ్లు బయటికి తిరగాల్సినంత ఎడం ఇచ్చారన్నమాట, తగ్గించాలి. అంతకుముందే హెడ్‌సెట్‌లో కళ్ల మధ్య దూరం సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. క్వెస్ట్ 2, 3ఎస్‌లలో 58, 63, 68 మిల్లీమీటర్లని మూడే మెట్లు, క్వెస్ట్ 3లో చక్రం ఉంటుంది. వస్తువుల అంచుల చుట్టూ మసక వలయాలు, అద్దాలు, పొగ, నీళ్లు తప్పు దూరంలో కనిపించడం ఈ పద్ధతిలో మామూలే. వెనక ఏముందో డెప్త్ బఫర్‌కి తెలీదు, పారదర్శకమైనవి దానిలో సరిగా నమోదు కావు. వాటిని పూర్తిగా వదిలించుకోలేం, లోతు తగ్గిస్తే కళ్లకు కొట్టకుండా ఉంటాయి.

తలే మౌస్

చివరిది వోర్ప్ఎక్స్ తరహా. ఇది డబ్బు పెట్టి కొనాల్సిన సాఫ్ట్‌వేర్. జామెట్రీ 3డీ మోడ్‌లో ఒక్కో ఫ్రేమ్‌ని రెండుసార్లు గీస్తుంది కాబట్టి ఫ్రేములు దాదాపు సగానికి పడతాయి. జెడ్-బఫర్ (డెప్త్ బఫర్‌కే ఇంకో పేరు) మోడ్ తేలిక, కానీ పైన చెప్పిన వలయాలు దీనిలోనూ ఉంటాయి. ముప్పై రెండు బిట్ల గేమ్ జామెట్రీ మోడ్‌లో కాసేపటికి మూసుకుపోతుంటే మెమరీ చాలడం లేదన్నమాట. ఈఎక్స్ఈ కాపీ ఒకటి దాచుకుని, గేమ్‌ని 4 జీబీ మెమరీ వరకు వాడుకోనిచ్చే 4జీబీ ప్యాచ్ వేయండి. ఆఫ్టర్‌బర్నర్, డిస్కార్డ్‌ల ఓవర్‌లేలు (గేమ్ మీద కనిపించే వాటి అదనపు తెరలు) మూసేయండి, అవీ అదే తలుపులోంచి దూరుతాయి.

మౌస్‌ని వేగంగా కదిపితే ఎక్కువ దూరం జరిపే మౌస్ యాక్సిలరేషన్ విండోస్‌లోనూ గేమ్‌లోనూ ఆఫ్ ఉండాలి. పరీక్ష ఇలా: క్రాస్‌హెయిర్‌ని (గురి గుర్తుని) గేమ్‌లోని ఒక తలుపు అంచు మీద పెట్టి, తలని నెమ్మదిగా కుడికి తిప్పి, వేగంగా వెనక్కి తెండి. అదే అంచు మీదకి రాకపోతే యాక్సిలరేషన్ ఇంకా ఎక్కడో ఆన్‌లో ఉంది. తర్వాత కాళ్ల కింద డోర్‌మ్యాట్ వేసుకుని, దాని అంచుని పాదంతో తడుముకుంటూ ఒక పూర్తి చుట్టు తిరగండి. గేమ్‌లో చుట్టు పూర్తవకపోతే సెన్సిటివిటీ పెంచాలి, దాటిపోతే తగ్గించాలి. గేమ్‌లోని ఎఫ్ఓవీని (ఒకేసారి కనిపించే వెడల్పుని) హెడ్‌సెట్‌కి దగ్గరగా తేవాలి, క్వెస్ట్ 3కి అడ్డంగా 110 డిగ్రీలు. 75 డిగ్రీల బొమ్మని 110 డిగ్రీలకు సాగదీస్తే తల ఒక డిగ్రీ తిరిగితే లోకం ఒకటిన్నర డిగ్రీ తిరిగినట్టు ఉంటుంది, వాంతులకు అదే మూలం. ఎఫ్ఓవీ మార్చనివ్వని గేమ్ అయితే ఇక్కడితో ఆపి పెద్ద తెరకి వెళ్లిపోండి. మోషన్ బ్లర్, డెప్త్ ఆఫ్ ఫీల్డ్, బ్లూమ్ అన్నీ ఆఫ్. నీడలు ఒక కంటికే కనిపిస్తుంటే వాటినీ తగ్గించండి. ఆన్‌లైన్ మల్టీప్లేయర్‌లో మాత్రం దీన్ని ఎప్పుడూ వాడొద్దు. మోసాన్ని పట్టే యాంటీచీట్ సాఫ్ట్‌వేర్ దృష్టిలో గేమ్‌లోకి దూరిన ఏ ఫైలైనా చీటే కావచ్చు, అకౌంట్ పోవచ్చు.

గది సంగతి కొంచెం. పీజీ గదిలో రెండు మీటర్ల చదరం దొరక్కపోతే హెడ్‌సెట్‌లో స్టేషనరీ బౌండరీ (ఉన్నచోటే ఆడేందుకు చిన్న హద్దు) పెట్టి, చక్రాల కుర్చీలో కూర్చుని ఆడండి. నిలబడి ఆడేవాళ్లు ముందు చెయ్యి పైకెత్తి సీలింగ్ ఫ్యాన్ అందుతుందేమో చూసుకుని, అందితే ఆపేయండి. ఆట అయ్యాక హెడ్‌సెట్‌ని కిటికీ పక్కన లెన్సులు పైకి పెట్టి వదిలేయకండి. ఎండ లెన్సులోంచి పడితే కొద్ది నిమిషాల్లోనే లోపలి తెర మీద కాలిన మచ్చ పడుతుంది, అది బాగయ్యేది కాదు.