కోబాల్ట్ షిఫ్ బేస్ కాంప్లెక్స్: తయారీ నుంచి జోన్ కొలత వరకు

నెల్లూరు, ఒంగోలు వైపు కళాశాలల్లో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు కోబాల్ట్ కాంప్లెక్సును ఎంచుకున్నవారికి సాలిసిలాల్డిహైడ్, అనిలీన్ కలిపి చేసే షిఫ్ బేస్ (ఆల్డిహైడ్, అమైన్ కలిసి ఏర్పడే, C=N బంధమున్న సమ్మేళనం) అనువైన లైగాండ్, అంటే లోహానికి అంటుకునే అణువు. ఫ్యూమ్ హుడ్‌లో, చేతి తొడుగులతో, 1.22 గ్రాముల సాలిసిలాల్డిహైడ్‌ను, 0.93 గ్రాముల అనిలీన్‌ను 20 మి.లీ. ఇథనాల్‌లో కలిపి అరగంట వేడిచేసి, మంచులో చల్లార్చితే పసుపు స్ఫటికాలు వస్తాయి. ఇవి 50 డిగ్రీల సెల్సియస్ దాటగానే కరుగుతాయి కాబట్టి ఓవెన్‌లో పెట్టరాదు. మే నెలలో కిటికీ పక్కన ఎండలో ఉంచడమూ మంచిది కాదు.

ఎండిన లైగాండ్ 1.97 గ్రాములను వేడి ఇథనాల్‌లో కరిగించి, 1.25 గ్రాముల కోబాల్ట్ అసిటేట్ టెట్రాహైడ్రేట్ ద్రావణాన్ని నెమ్మదిగా చేర్చి, రెండు మూడు గంటలు రిఫ్లక్స్ చేయాలి, అంటే ఆవిరి చల్లబడి తిరిగి ఫ్లాస్కులోకే వచ్చేలా మరిగించాలి. వచ్చిన ఘనపదార్థాన్ని వడకట్టి, చల్లని ఇథనాల్‌తో కడిగి, వాక్యూమ్ డెసికేటర్‌లో ఆరబెట్టాలి.

ఐఆర్ (పరారుణ) స్పెక్ట్రమ్‌లో 1620 సెం.మీ.⁻¹ దగ్గరి ఇమైన్ (C=N) పట్టీ కాంప్లెక్సులో కాస్త దిగువకు జరగాలి. లైగాండ్‌లోని హైడ్రాక్సిల్ పట్టీ హైడ్రోజన్ బంధం వల్ల ముందే బలహీనంగా ఉంటుంది కనుక, అది కనబడలేదన్న ఒక్క ఆధారంతో కోబాల్ట్‌తో బంధం ఏర్పడిందనరాదు. తీరప్రాంతపు గాలిలో, నమూనాతో కలిపి పెల్లెట్‌గా నొక్కే పొటాషియం బ్రోమైడ్ తేమను త్వరగా పీల్చుకుంటుంది. అప్పుడు 3400 ప్రాంతంలో వచ్చే వెడల్పాటి పట్టీని కోబాల్ట్‌కు అంటిన నీరుగా రాసేయడం తరచూ జరిగే పొరపాటు. ఖాళీ పెల్లెట్ స్పెక్ట్రమ్ కూడా తీసి పోల్చాలి. లైగాండ్, లోహం నిష్పత్తి 2:1 అయితే కోబాల్ట్ సుమారు 13 శాతం ఉండాలి. అయస్కాంత భ్రామకం 4.4–4.8 బోర్ మాగ్నిటాన్‌ల (దాన్ని కొలిచే ప్రమాణం) మధ్య ఉంటే అది టెట్రాహెడ్రల్ (చతుర్ముఖ) నిర్మాణానికి అనుకూలమైన ఆధారం.

సూక్ష్మజీవుల పరీక్షను మైక్రోబయాలజీ విభాగం పర్యవేక్షణలోనే చేయాలి. ముల్లర్–హింటన్ అగార్ (బ్యాక్టీరియాను పెంచే మాధ్యమం) మీద 0.5 మెక్‌ఫార్లాండ్ (ద్రవం మసకతను బట్టి చూసే ప్రమాణం) సాంద్రతకు సరిచేసిన స్టాఫిలోకాకస్, ఈ.కోలి బ్యాక్టీరియాను పరచి, 6 మి.మీ. గుంటలు తీసి, వాటిలో పరీక్షించే ద్రావణాలు పోసి, 37 డిగ్రీల వద్ద 18–24 గంటలు ఉంచాలి. కాంప్లెక్సుతో పాటు లైగాండ్, కోబాల్ట్ అసిటేట్, ఉత్త డీఎంఎస్‌వో (నమూనాలను కరిగించే ద్రావణి), ప్రామాణిక యాంటీబయాటిక్ కూడా ఉండాలి. కోబాల్ట్ అసిటేట్ ఒక్కటే కాంప్లెక్సు ఇచ్చినంత జోన్ (గుంట చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం) ఇస్తే, కాంప్లెక్సు గొప్పతనం చెప్పడానికి ఏమీ మిగలదు. సరిగా కరగని కాంప్లెక్సు అగార్‌లో నెమ్మదిగా వ్యాపించి చిన్న జోన్ ఇస్తుంది. అందువల్ల ఎంఐసీ (బ్యాక్టీరియా పెరుగుదలను ఆపే కనిష్ఠ గాఢత) కూడా కొలవాలి. కీలేషన్ (లైగాండ్ లోహాన్ని ఒకటికి మించిన చోట్ల పట్టుకోవడం) వల్ల కొవ్వులో కరిగే గుణం పెరిగి కాంప్లెక్సు కణత్వచం దాటుతుందన్న వాక్యం ప్రతి ప్రాజెక్టులోనూ కనిపిస్తుంది. అలాంటి కొలత మీరు తీసుకోకపోతే అది ఊహ అనే రాయండి.

ప్లేటులో జోన్ వచ్చిందని రొయ్యల చెరువుకు మందు దొరికినట్టు కాదు. కోబాల్ట్ లవణాలు జలచరాలకు విషం. మిగిలిన ద్రావణాలను సింకులో పోయకుండా లేబుల్ వేసిన సీసాలో భద్రపరచి, ప్రమాదకర వ్యర్థాలుగా అప్పగించాలి.