గర్భిణికి మందుల విషయంలో ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పినప్పుడు ఏం చేయాలి?

అప్పటికే థైరాయిడ్‌కో, ఫిట్స్‌కో, బీపీకో, ఆస్తమాకో మందు వాడుతున్న అమ్మాయి నెల తప్పగానే సలహాలు నాలుగు వైపుల నుంచి వస్తాయి. ఫిజీషియన్ వాడమంటారు, గైనకాలజిస్టు ఆపమంటారు, మందుల షాపులో కుర్రాడు చీటీ చూసి ‘ఇది కడుపుతో ఉన్నవాళ్లకు ఇవ్వకూడదండీ’ అంటాడు, ఇంట్లో పెద్దవాళ్లు అసలు ఏ మాత్రా మింగవద్దంటారు. వీరిలో ఎవరో ఒకరు తప్పు చెబుతున్నారని అనుకోవడం సహజమే గానీ, చాలా సందర్భాల్లో జరిగేది వేరు. ఒక్కొక్కరూ ఒక్కో ప్రశ్నకు జవాబు చెబుతున్నారు. ఒకరు తల్లి జబ్బును చూస్తున్నారు, మరొకరు బిడ్డను చూస్తున్నారు, ఇంకొకరు మందు పేరు తప్ప ఏమీ చూడటం లేదు. కాబట్టి ఎవరి మాట నెగ్గాలన్నది తర్వాతి సంగతి, ముందు అందరి ముందూ ఒకే ప్రశ్నను పెట్టాలి.

ఆ ప్రశ్న తేలేలోపు మందును సొంతంగా ఆపవద్దు. ఫిట్స్ మాత్రలు హఠాత్తుగా మానేస్తే వచ్చే మూర్ఛ తల్లికీ బిడ్డకూ ప్రాణాంతకం కావచ్చు; ఆస్తమా ఇన్‌హేలర్ పక్కన పెడితే తల్లికి ఆడని ఊపిరి బిడ్డకు అందని ఆక్సిజనే అవుతుంది. అయితే తీరిగ్గా ఆలోచించడానికి వీల్లేని మందులు కొన్ని ఉన్నాయి. మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్, కీళ్లవాతానికీ సోరియాసిస్‌కూ ఇచ్చే మెథోట్రెక్సేట్ అయితే తర్వాతి మోతాదు వేసుకోకుండా ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. ఫిట్స్‌కు వాడే సోడియం వాల్‌ప్రోయేట్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్, బీపీకి వాడే టెల్మిసార్టాన్, రామిప్రిల్ వంటివైతే సొంతంగా ఆపకూడదు, అలాగని వచ్చే నెల అపాయింట్‌మెంటు దాకా ఆగకూడదు కూడా. రాసిన డాక్టరుకు ఆ రోజే ఫోన్ చేసి మార్చాలో వద్దో అడగాలి. బిడ్డ వెన్నుపాము ఏర్పడే నాళం చివరి నెలసరి నుంచి లెక్కిస్తే దాదాపు ఆరో వారానికే మూసుకుపోతుంది; అది సరిగా మూసుకోకపోవడం వాల్‌ప్రోయేట్ తెచ్చే లోపాల్లో ఒకటి. చాలామందికి గర్భం సంగతి రూఢి అయ్యేదే అప్పుడు. వాల్‌ప్రోయేట్ వాడేవారు పెళ్లయిన కొత్తలోనే, గర్భం రాకముందే న్యూరాలజిస్టుతో ఈ మాట మాట్లాడుకోవాలనేది అందుకే.

తర్వాత ఒక కాగితం తీసుకుని చివరి నెలసరి మొదటి రోజు తేదీ, స్కానింగ్ ప్రకారం ఎన్నో వారం, వాడుతున్న ప్రతి మందు, దాని మోతాదు, ఏ జబ్బుకు, ఎప్పటి నుంచి, జబ్బు చివరిసారి ఎప్పుడు తిరగబెట్టింది అనేవి రాయండి. ఇంట్లో ‘మూడో నెల’ అన్నప్పుడు ఒకరి లెక్క మరొకరి లెక్కతో కలవదు గనుక నెలలు కాక వారాలే రాయాలి. మందు పేరు స్ట్రిప్పు ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉన్నది కాదు, వెనక సన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు ఎక్కించాలి. ఎన్‌కోరేట్ అన్నా, వాల్‌పారిన్ అన్నా లోపలున్నది వాల్‌ప్రోయేటే. ఆ సంగతి తెలియక ‘నాది వాల్‌ప్రోయేట్ కాదు’ అని నిశ్చింతగా ఉండేవాళ్లు ఉంటారు. జలుబు మాత్రలో పారాసెటమాల్‌తో పాటు మరో రెండు మూడు మందులు కలిసి ఉంటాయి. ఆయుర్వేద చూర్ణాలు, కషాయాలు కూడా ఈ జాబితాలో ఉండాల్సిందే.

కాగితం కింది సగంలో ఎవరు ఏమన్నారో, ఎందుకన్నారో రాస్తే సగం చిక్కు అక్కడే విడిపోతుంది. ఆస్పిరిన్ సంగతి చూడండి. గర్భంలో బీపీ పెరిగి తల్లికీ బిడ్డకూ ప్రమాదం తెచ్చే ప్రీ ఎక్లాంప్సియా ముప్పు ఉన్నవారికి గైనకాలజిస్టులు సాధారణంగా 12వ వారం తర్వాత, వీలైతే 16వ వారంలోపే 75 నుంచి 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ రాత్రిపూట వేసుకోమని మొదలుపెడతారు. ఆ చీటీ చూసి ఇంట్లో వాళ్లు ‘ఇది గుండెజబ్బు మాత్ర కదా’ అంటారు, ఇంటర్నెట్‌లో చూస్తే నొప్పి మాత్రలు గర్భిణులకు ప్రమాదమని ఉంటుంది. రెండూ నిజమే. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలను 20వ వారం దాటాక వాడితే బిడ్డ మూత్రపిండాలు దెబ్బతిని ఉమ్మనీరు తగ్గవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో హెచ్చరించింది. డాక్టరు రాసిన చిన్న మోతాదు ఆస్పిరిన్‌ను ఆ హెచ్చరిక నుంచి మినహాయించినదీ అదే సంస్థ. మోతాదు, వారం, కారణం పక్కన లేకుండా మందు పేరొక్కటే పట్టుకుంటే ఇలాంటి తగాదాలు తెగవు.

పాత అక్షరాల వర్గీకరణ కూడా గందరగోళానికి ఒక మూలం. 1979లో ఎఫ్‌డీఏ గర్భిణుల మందులను ఏ, బీ, సీ, డీ, ఎక్స్ అని విడదీసింది. ఆ అక్షరాలు ముప్పును మార్కుల్లా చూపించి తప్పుదారి పట్టిస్తున్నాయని 2015 నుంచి వాటిని తీసేసి, వివరంగా రాసే పద్ధతి తెచ్చింది. అయినా మన ఫోన్లలో ‘కేటగిరీ సీ’ అని ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. ఒక అక్షరం చూసి మందు మానేయవద్దు.

డాక్టరు దగ్గర ‘ఈ మందు వాడొచ్చా?’ అని అడిగితే వచ్చేది అవును, కాదు అనే ఒక్క మాటే. దాని బదులు ‘వాడితే బిడ్డకు ఏం కావచ్చు, వందలో ఎంతమందికి? మానేస్తే నాకూ బిడ్డకూ ఏం కావచ్చు? నేను ఉన్న వారంలో అది వర్తిస్తుందా? ఇదే పని చేసే మరో మందు ఉందా?’ అని అడగండి. వందలో ఎంతమందికి అన్నది తప్పక అడగాలి. ఏ మందూ వాడని తల్లుల్లో కూడా వందకు సుమారు ముగ్గురి బిడ్డల్లో పుట్టుకతో ఏదో ఒక పెద్ద లోపం ఉంటుంది. వాల్‌ప్రోయేట్ వాడినవారిలో అది సుమారు పది. ఫిట్స్‌కే వాడే లామోట్రిజిన్, లెవెటిరాసెటమ్‌లతో దాదాపు మామూలు స్థాయిలోనే ఉంటుంది. ‘ముప్పు రెట్టింపు’ అన్న మాట విని బెదిరిపోయేముందు దేనికి రెట్టింపో అడగాలి.

ఆ తర్వాత కూడా ఇద్దరు డాక్టర్లూ ఏకీభవించకపోతే మీరు మధ్యవర్తిగా మాటలు మోయవద్దు. మోస్తే కారణాలు దారిలో జారిపోయి ‘ఆయన ఆపమన్నారు’ అన్నది మాత్రమే మిగులుతుంది. గైనకాలజిస్టు గదిలో ఉండగానే మీ జబ్బు చూసే డాక్టరుకు ఫోన్ చేయమని అడగండి, లేదా రెండు వాక్యాలు చీటీ మీద రాసిమ్మనండి. అడగడానికి మొహమాటపడతారు గానీ, మంచి డాక్టరు దీన్ని తప్పుగా తీసుకోరు. అదీ కుదరకపోతే రెండు విభాగాలూ ఒకే ప్రాంగణంలో ఉండే మెడికల్ కాలేజీ ఆసుపత్రికి వెళ్లడం మేలు. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో నాలుగో నెల నుంచి గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు; ఆశా కార్యకర్తను అడిగితే దగ్గరలోని కేంద్రం చెబుతారు.

కొన్ని విభేదాలు అసలు విభేదాలే కావు. థైరాయిడ్ మాత్ర (థైరాక్సిన్) పరగడుపున వేసుకోమని ఒకరు, ఐరన్, కాల్షియం మానవద్దని మరొకరు చెబితే, ఉదయం వేర్వేరుగా మింగలేక ఒకటి మానేసేవారు ఉన్నారు. ఐరన్, కాల్షియం థైరాయిడ్ మందును ఒంటికి పట్టనివ్వవు గనుక మధ్యలో నాలుగు గంటల ఎడం కావాలి, అంతే. పొద్దున్నే లేవగానే థైరాక్సిన్, మధ్యాహ్న భోజనం తర్వాత కాల్షియం, రాత్రి ఐరన్ అనుకుంటే సరిపోతుంది; ఐరన్‌తో టీ, కాఫీ మాత్రం వద్దు. గర్భం రాగానే థైరాక్సిన్ మోతాదు సాధారణంగా పెంచాల్సి వస్తుంది కాబట్టి, మోతాదు పెంచిన డాక్టరును అనుమానించాల్సిన పని లేదు.

తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లే మన ఆచారం వల్ల ఏడో నెలలో డాక్టరే మారిపోతారు. హైదరాబాద్‌లో మొదలుపెట్టిన మందును ఊళ్లో కొత్త డాక్టరు ఎందుకో తెలియక ఆపేయడం అప్పుడే జరుగుతుంది. సీమంతం చీరల కంటే ముందు ఫైలు, స్కానింగ్ రిపోర్టులు, తల్లీబిడ్డల వివరాలుండే ఎంసీపీ కార్డు పెట్టెలో పెట్టండి. ఏ మందు ఎందుకు మొదలుపెట్టారో పాత డాక్టరు చేత రాయించుకోండి.

వార్తలు చూసి కూడా మందులు మార్చవద్దు. పారాసెటమాల్‌కు, ఆటిజానికి సంబంధం ఉందని 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ప్రకటించగానే డాలస్ నుంచి అక్క గుంటూరులోని చెల్లెలికి ఫోన్ చేసి డోలో వద్దంటే ఆశ్చర్యమేమీ లేదు. కానీ ఆ సంబంధం రుజువు కాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 2024లో వెలువడిన స్వీడన్ అధ్యయనం దాదాపు 25 లక్షల మంది పిల్లల సమాచారాన్ని చూసి, ఒకే తల్లి పిల్లలను పోల్చినప్పుడు అలాంటి సంబంధం కనిపించలేదని తేల్చింది. తగ్గించని తీవ్ర జ్వరమే బిడ్డకు కీడు. అవసరమైనప్పుడు, అవసరమైనంతే వేసుకోవాలి.

ఇక గర్భం సంగతి తెలియక ఏదో మందు వాడేసినవారు ఆ భయంతోనే అబార్షన్‌కు సిద్ధపడవద్దు. ఆ మందు, ఆ వారంలో నిజంగా ఎంత ముప్పో ముందు కడుపులోని బిడ్డ ఆరోగ్యాన్ని చూసే ఫీటల్ మెడిసిన్ డాక్టరును అడగండి. 18 నుంచి 22 వారాల మధ్య బిడ్డ అవయవాలను వివరంగా చూడటానికి చేసే టిఫా స్కాన్‌కు వెళ్లేటప్పుడు మందు పేరూ, వాడిన వారాలూ స్కానింగ్ చీటీ మీదే రాయించుకోండి. అప్పుడు స్కాన్ చేసే డాక్టరు బిడ్డ వెన్నును, గుండెను, పెదవిని ప్రత్యేకంగా చూస్తారు.